లగ్నక్విల్లా: గ్లెన్‌మలూర్ లోయ నుంచి ఎక్కి, సరైన వైపు దిగడం ఎలా

ఐర్లండ్ తూర్పు భాగంలోని విక్లో కొండలన్నిటిలోకి ఎత్తైనది లగ్నక్విల్లా. ఎత్తు 925 మీటర్లు. కెర్రీ కౌంటీని పక్కన పెడితే దేశం మొత్తం మీద దీన్ని మించిన శిఖరం లేదు. డబ్లిన్ నుంచి కారులో గంటన్నర దూరం కాబట్టి అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లు కూడా వేసవి వస్తే శని, ఆదివారాల్లో దీని వైపు చూస్తుంటారు. చిక్కల్లా ఆ అంకెతోనే. అరకు లోయే దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, హార్స్‌లీ హిల్స్ పన్నెండు వందలు దాటింది, వాటి మీదికి బస్సులే పోతున్నాయి, ఇదెంత అనిపిస్తుంది. కానీ ఇది 53వ అక్షాంశం దగ్గర, అట్లాంటిక్ గాలికి ఎదురుగా, నీడకో చాటుకో ఒక్క చెట్టయినా లేని కొండ. కింద లోయలో 14 డిగ్రీలుంటే పైన 9 ఉంటుంది. దానికి గట్టి గాలి తోడైతే ఒంటికి తెలిసేది నాలుగైదు డిగ్రీలే.

ఎక్కడం కష్టమేమీ కాదు. మామూలు ఆరోగ్యం ఉండి, వారానికి రెండు మూడు సార్లు గంటసేపు నడిచే అలవాటున్న ఎవరైనా ఎక్కగలరు. కష్టమంతా పైకి చేరాక మొదలవుతుంది. శిఖరం కొసదేలి ఉండదు, పెద్ద గడ్డి మైదానంలా ఉంటుంది. ఈ కొండల అడుగంతా గ్రానైటే అయినా నెత్తిన మాత్రం దానికంటే పాతదైన షిస్ట్ రాయి కప్పులా మిగిలిపోయింది, అందుకే పైభాగం అంత చదునుగా ఉంది. స్థానికులు దాన్ని పెర్సీస్ టేబుల్ అంటారు. ఆ చదునుకు వాయవ్యాన నార్త్ ప్రిజన్, ఆగ్నేయాన సౌత్ ప్రిజన్ అని రెండు పెద్ద చరియలున్నాయి. మంచుయుగంలో హిమానీనదాలు తొలిచిన గుంటలవి. పడమటి వాలంతా ఐరిష్ సైన్యం ఫిరంగులు పేల్చే మైదానం. మబ్బు దిగితే ఇవేవీ కనబడవు, గడ్డి అన్ని వైపులా ఒక్కలాగే ఉంటుంది. ఇంటి నుంచి బయలుదేరే ముందే ఎటు దిగాలో, కంపాస్ మీద అది ఏ దిక్కో రాసి పెట్టుకున్నవాళ్లకు ఈ కొండ మంచి కొండ.

ఏ లోయ నుంచి

చుట్టూ మూడు లోయలున్నాయి. తూర్పున గ్లెన్‌మలూర్, పడమర గ్లెన్ ఆఫ్ ఇమాల్, దక్షిణాన ఆహవానా.

మొదటిసారి వెళ్లేవాళ్లకు గ్లెన్‌మలూర్ సరైనది. మంచునది తొలిచిన పొడవాటి లోయ ఇది, రెండు పక్కలా నిటారు వాలులు, అడుగున ఆవన్‌బెగ్ నది. లోయ వెంట పోయే రోడ్డు పై కొసన ఆగిపోతుంది. 1580 ఆగస్టులో లార్డ్ గ్రే నడిపించిన ఇంగ్లిష్ సైన్యాన్ని స్థానిక ఐరిష్ నాయకుడు ఫియాక్ మెక్‌హ్యూ ఓబర్న్ మనుషులు దెబ్బతీసింది ఈ లోయలోనే. ఆ వాలుల మీద నిలబడి కిందికి చూస్తే, లోపల చిక్కినవాళ్లు ఎందుకు బయటపడలేకపోయారో చెప్పకుండానే తెలుస్తుంది. బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటు తర్వాత ప్రభుత్వం ఈ కొండల్లోకి సైన్యాన్ని త్వరగా చేరవేయడానికి మిలిటరీ రోడ్డు వేసింది. ఇప్పుడు మీరు లారా ఊరి నుంచి లోయలోకి దిగేది ఆ రోడ్డు మీదే.

ఇమాల్ వైపు నుంచి దూరం తక్కువ. కమారా హిల్ మీదుగా సైన్యం అనుమతించిన బాట ఒకటి ఉంది, దాని మీద నేరుగా పోయి రావచ్చు. కాకపోతే కాల్పులు జరిగే రోజుల్లో అటు అడుగు పెట్టకూడదు. ఆ తేదీలను డిఫెన్స్ ఫోర్సెస్ ముందే ప్రకటిస్తుంది, ఆ రోజు మైదానం అంచుల్లో ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. కాల్పులు లేని రోజైనా బాట దిగకండి. పేలకుండా మిగిలిన గుండ్లు పీట్ నేలలో, అంటే నాచు, గడ్డి కుళ్లి పేరుకున్న మెత్తటి నల్లనేలలో, కూరుకుపోయి ఉంటాయి. తుప్పు పట్టిన ఇనుప ముక్క ఏది కనబడినా చేత్తో గానీ కర్రతో గానీ కదపవద్దు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ దారి సరిపడదు.

ఆహవానా వైపు జనసంచారం తక్కువ, బాట గుర్తులూ తక్కువ. మ్యాప్, కంపాస్ చేతికి బాగా అలవాటయ్యాక అటు వెళ్లవచ్చు.

దారి లెక్క, టైము లెక్క

ఇక్కడ చెప్పే దారి ఇది: బారావోర్ కార్ పార్క్ నుంచి ఫ్రాహన్ రాక్ గ్లెన్ అనే పక్కలోయ గుండా శిఖరానికి ఎక్కి, తూర్పుగా క్లోహర్నా (800 మీటర్లు) మీదికి నడిచి, జిగ్‌జాగ్స్ అనే మెలికల బాటలో గ్లెన్‌మలూర్‌లోకి దిగి, రోడ్డు వెంట కారు దగ్గరికి రావడం. మొత్తం సుమారు 14 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు సుమారు 750 మీటర్లు.

కొండ నడకకు టైము కట్టే నెయిస్మిత్ లెక్క ప్రకారం గంటకు 5 కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ ఇంకో గంట. అంటే రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు, దానికి గంటంబావు కలిపితే నాలుగు గంటల చిల్లర. గట్టి నేల మీద, అలవాటున్నవాళ్లకు ఆ లెక్క. ఇక్కడ నేల పీట్ బురద. సగం కలపండి, ఆరు గంటలవుతుంది. తినడానికి, ఫొటోలకు, చెప్పులేసుకునే ఓపిక కూడా లేని స్నేహితుడి కోసం ఆగడానికి ఇంకో గంట. ఏడు గంటలు చేతిలో లేనిదే బయలుదేరవద్దు.

జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. డిసెంబరులో తెల్లారేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, సాయంత్రం నాలుగుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. కొత్తవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దీని జోలికి పోకపోవడమే మంచిది. చలికాలంలో ప్రిజన్ల అంచున మంచు చూరులా ముందుకు పొడుచుకు వస్తుంది. పై నుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది, దాని కింద ఏమీ ఉండదు. మే నుంచి సెప్టెంబరు దాకా అనుకూలమైన కాలం. ఉదయం తొమ్మిదికల్లా కార్ పార్క్‌లో ఉండి, మధ్యాహ్నం ఒంటిగంటకు శిఖరం చేరకపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలని బృందంలో అందరూ కిందే ఒప్పుకోండి. ఆ మాట పైన మొదలుపెడితే తేలదు. దగ్గరికొచ్చాం, ఇంకో పది నిమిషాలే అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

వాతావరణానికి ఐర్లండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ సూచన చూడండి. డబ్లిన్ సూచన చూసి సరిపెట్టుకోకుండా కొండ ఎత్తులో గాలి ఎంత, మబ్బు అడుగు ఎంత ఎత్తున అన్నవి వెతకండి. మబ్బు 700 మీటర్లకు దిగుతుందంటే మీ నడకలో చివరి రెండు వందల మీటర్ల ఎక్కుడు, క్లోహర్నా దాకా నడక అంతా మబ్బులోనే. శిఖరం మీద గాలి గంటకు 50 కిలోమీటర్లు దాటుతుందంటే ఇంకో వారం చూసుకోండి. విక్లోకు గాలి లేదా వాన హెచ్చరిక పసుపు రంగులో ఉన్నా సరే, ఆ రోజు వెళ్లకండి.

సంచిలో ఏముండాలి

జీన్స్, కాటన్ టీషర్టు వేసుకోకండి. ఇక్కడ జరిగే ఇబ్బందుల్లో ఎక్కువ దీనితోనే మొదలవుతాయి. కాటన్ తడిస్తే నీటిని పట్టుకుని ఒంట్లో వేడిని లాగేస్తుంది, ఎండాకాలంలో మన ఊళ్లో దాన్ని సుఖంగా చేసే గుణమే ఇక్కడ ప్రమాదం తెస్తుంది. ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ లేదా ఉన్ని బనియను, దాని మీద ఫ్లీస్, పైన వాన, గాలి లోపలికి రానివ్వని జాకెట్, అదే రకం ప్యాంటు. టోపీ, చేతి తొడుగులు జూలైలోనూ ఉండాలి. ఫ్లీస్ ఒకటి అదనంగా ప్లాస్టిక్ కవరులో మూట కట్టి పెట్టుకోండి, రక్‌సాక్ ఎంత మంచిదైనా లోపలికి నీళ్లొస్తాయి.

కాళ్లకు చీలమండ దాకా వచ్చే, అడుగున లోతైన గళ్లున్న బూట్లు. రన్నింగ్ షూ వేసుకుని వచ్చినవాళ్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంటారు, తడి గడ్డి మీద దిగేటప్పుడు జారతారు. బూటు మీది నుంచి పిక్క దాకా కట్టుకునే గెయిటర్లుంటే బురద నీళ్లు బూటులోకి దిగవు.

మనిషికి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు, ఫ్లాస్కులో వేడి టీ. తిండి ఒక్క డబ్బాలో కాకుండా చిన్న చిన్న పొట్లాలుగా కట్టుకోండి. గాలిలో చల్లటి చేతులతో డబ్బా మూత తీసి చెంచాతో పులిహోర తినడం కుదరదు, చుట్టిన చపాతీ, ఖర్జూరం, వేరుశనగ చిక్కీ నడుస్తూనే తినవచ్చు. పులిహోర కార్ పార్క్‌లో తిరిగొచ్చాక తినడానికి ఉంచుకోండి.

హెడ్‌టార్చ్ మనిషికొకటి, విజిల్, పట్టీలు, దెబ్బకు కట్టే బ్యాండేజ్, చలి, గాలి ఆపే, ఇద్దరు దూరగలిగే పెద్ద సంచి (సర్వైవల్ బ్యాగ్) ఒకటి. ఫోనులో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. గ్లెన్‌మలూర్‌లో సిగ్నల్ చాలా చోట్ల అందదు. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది గానీ మ్యాప్ లేకపోతే ఖాళీ తెర మీద నీలం చుక్క మాత్రమే కనబడుతుంది. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది కాబట్టి ఫోనును లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. వీటన్నిటితో పాటు కాగితం మ్యాప్ ఉండి తీరాలి: ఐర్లండ్ ప్రభుత్వ సర్వే మ్యాపుల డిస్కవరీ సిరీస్‌లో 56వ షీటు, లేదా అంతకంటే వివరంగా ఉండే ఈస్ట్‌వెస్ట్ మ్యాపింగ్ వాళ్లది. వాటి గళ్ల మీద చోటును చెప్పేది గ్రిడ్ సంఖ్య: శిఖరానిది టీ 032 917, బారావోర్ కార్ పార్క్ టీ 066 942. ఈ రెండూ మ్యాప్ మీద వెతికి పెన్సిలుతో చుట్టండి.

బారావోర్ దాకా

లోయలోకి బస్సు లేదు, కారు కావాల్సిందే. డబ్లిన్ నుంచి ఎం11, దాని కొనసాగింపు ఎన్11 మీద వచ్చి కిల్మకానోగ్ దగ్గర దిగి, రౌండ్‌వుడ్ మీదుగా లారా చేరి, మిలిటరీ రోడ్డు పట్టుకుని డ్రమ్‌గాఫ్ కూడలికి రండి. అక్కడ కుడికి తిరిగి లోయ పైకి రోడ్డు ఆగిపోయేదాకా పోవాలి. చివరి ఐదు కిలోమీటర్లు ఒక్క కారు పట్టే రోడ్డు, ఎదురు కారు వస్తే గేటు ముందో వెడల్పు చోటులోనో తప్పుకోవాలి. ఆ చోట్లలో పార్క్ చేయకండి, రైతుల ట్రాక్టర్లకు దారి ఉండదు.

కారులో సంచీ, ల్యాప్‌టాప్ వంటివి బయటికి కనబడేలా వదలవద్దు. విక్లో కొండల కార్ పార్కుల్లో అద్దాలు పగలగొట్టడం జరుగుతుంటుంది. కార్ పార్క్ పక్కనే ఆవన్‌బెగ్ నదికి అడ్డంగా వాహనాలు దాటే రేవు ఉంది. ఎస్‌యూవీ ఉన్నా సరే కారును అందులో దింపకండి. వాన పడితే ఈ నది గంటల్లోనే పెరుగుతుంది, పొద్దున దాటిన నీళ్లు సాయంత్రం దాటనివ్వవు. నడిచేవాళ్లకు పక్కన వంతెన ఉంది.

ఎక్కుడు

వంతెన దాటి, అటవీ దారి పట్టుకుని పాత హాస్టల్ ముందు నుంచి సాగండి. దాన్ని దాటాక ఎడమకు చీలే దారి ఫ్రాహన్ రాక్ గ్లెన్‌లోకి తీసుకుపోతుంది. ఈ చీలిక దగ్గర ఆగి మ్యాప్ చూడండి. నేరుగా పోతే ఆవన్‌బెగ్ పై లోయలోకి పోతారు, అది కూడా అందమైన దారే గానీ లగ్నక్విల్లాకు కాదు. ఈ అడవులు కొయిల్చ అనే ప్రభుత్వ అటవీ సంస్థవి. చెట్లు కొట్టే కాలంలో దారి మూసి, పక్కదారి చూపే బోర్డులు పెడతారు. అవి ఉంటే వాటి ప్రకారమే వెళ్లండి. లోయలో పాత సీసపు గనుల ఆనవాళ్లున్నాయి, వాటి సొరంగాల్లోకి తొంగిచూడవద్దు.

చెట్లు దాటగానే లోయ తెరుచుకుంటుంది. కుడివైపు బెన్‌లే కొండ రాతిగోడ, ఎడమవైపు రాళ్లు పరుచుకున్న వాలు, మధ్యలో వాగు. గట్టి దారి ఇక్కడ అయిపోతుంది. ఎదురుగా లోయను మూసేస్తూ వాలు లేచి ఉంటుంది, వాగు దాని మీద నుంచి మెట్టుమెట్టుగా దూకుతూ వస్తుంది. ఆ వాలు ఎక్కడమే ఈ రోజు మొత్తంలో నిటారైన భాగం. నీళ్లకు దగ్గరగా నల్లటి తడి రాతి పలకలుంటాయి, వాటి మీద కాలు పెట్టకండి. పక్కన గడ్డిలో అరిగిన బాట ఉంది, అది పట్టుకుని చిన్న అడుగులతో ఎక్కండి. ముందువాళ్ల మడమకు ఆనుకుని నడవకండి, ఒక రాయి దొర్లితే తప్పుకోవడానికి చోటుండాలి. ఈ వాలు తడిగా ఉన్నప్పుడు దిగడం ఎక్కడం కంటే చాలా కష్టం. జిగ్‌జాగ్స్‌లో ఎక్కి ఇటు దిగడం కాకుండా, ఇటు ఎక్కి అటు దిగమనడానికి కారణం అదే.

పైకి చేరితే ఇంకో లోయ, ఇది వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. ఇక్కడ నేల చదవడం రావాలి. మిలమిలలాడే లేత ఆకుపచ్చ నాచు కనబడితే దాని కింద నీళ్లున్నాయి, మోకాలి దాకా దిగబడతారు. ఎర్రటి రంగు కలిసిన నాచు కూడా అంతే. హెదర్ పొదలు, గోధుమరంగు గడ్డి కుచ్చులు ఉన్నచోట వేళ్లు నేలను పట్టి ఉంచుతాయి, అక్కడ అడుగు నిలుస్తుంది. కుచ్చు నెత్తి మీద అడుగేస్తే చీలమండ మెలిపడుతుంది, మొదలుకు ఆనించి వేయండి. నల్లటి పీట్ కోసుకుపోయి గట్లుగా నిలిచిన చోట, గట్టు అంచు మీద నడవకండి, లోపల బోలుగా ఉండి విరిగిపడుతుంది. అనుమానం ఉంటే ముందు కర్ర గుచ్చి చూడండి. ట్రెకింగ్ కర్రలు ఈ ఒక్క పనికోసమైనా తెచ్చుకోదగ్గవి. జూలై ఆఖరు, ఆగస్టులో ఈ వాలుల మీద బిల్బెర్రీ పొదలు ముదురు నీలం కాయలతో ఉంటాయి, తినవచ్చు, నాలుక నీలమవుతుంది.

ఇక్కడి నుంచి నైరుతి దిశగా పట్టుకుని ఎక్కుతూ పోతే వాలు తగ్గుతూ తగ్గుతూ పొట్టి గడ్డి మైదానమవుతుంది. బురద అయిపోతుంది, నడక హాయిగా ఉంటుంది. సరిగ్గా ఇక్కడే ఆగి ఒకసారి వెనక్కి చూడండి. ఇప్పుడు మబ్బు లేకపోయినా, క్లోహర్నా ఎటుందో, ఏ వాలు నుంచి వచ్చారో కళ్లారా చూసి మ్యాప్‌తో పోల్చుకోండి. పైకి వెళ్లాక ఆ అవకాశం ఉంటుందని చెప్పలేం.

శిఖరాన పెద్ద రాళ్ల దిబ్బ, సర్వే స్తంభం ఉంటాయి. తెరపి ఉన్న రోజున తూర్పున సముద్రం, దాని అవతల వేల్స్ కొండలు కనిపిస్తాయి. దిబ్బకు గాలి చాటు వైపు కూర్చోండి. చెమట ఆరకముందే ఫ్లీస్ వేసుకోండి, చలి పుట్టాక వేసుకుంటే వేడెక్కడానికి అరగంట పడుతుంది.

దిగే దిక్కు

దిబ్బ దగ్గర నుంచి కదిలే ముందు, ఎండ కాస్తున్నా సరే, కంపాస్ పట్టాలి. శిఖరం నుంచి క్లోహర్నా దాదాపు సరిగ్గా తూర్పున, సుమారు 2.6 కిలోమీటర్లు. మ్యాప్ మీద కంపాస్ పక్క అంచును శిఖరం నుంచి క్లోహర్నాకు ఆనించండి, బాణం మీరు వెళ్లే వైపు ఉండాలి. చక్రం తిప్పి దానిలోని గీతలను మ్యాప్ నిలువు గీతలకు సమాంతరంగా తేండి, చక్రం మీది ఉత్తరం గుర్తు మ్యాప్ ఉత్తరం వైపే ఉందో లేదో చూడండి. ఇది తలకిందులైతే నేరుగా పడమరకు, అంటే సైన్యం మైదానం వైపు నడుస్తారు. ఇప్పుడు కంపాస్‌ను పొట్టకు ఎదురుగా బల్లపరుపుగా పట్టుకుని, ఎర్రసూది గీతల మధ్యకు వచ్చేదాకా మీరే తిరగండి. ఎదురుగా కనిపించేది తూర్పు. ఫోన్, కారు తాళాలు, అయస్కాంతం ఉన్న జాకెట్ బొత్తాలు కంపాస్‌కు దూరంగా ఉంచండి, సూదిని లాగుతాయి.

తూర్పుగా నడుస్తుంటే సౌత్ ప్రిజన్ మీ కుడివైపు ఉంటుంది. అంచు చూద్దామని అటు పోకండి, మబ్బులో అసలే వద్దు. మొదటి ఐదారు వందల మీటర్లు రవ్వంత ఎడమకు మొగ్గి నడిస్తే దానికి దూరంగా ఉంటారు. మబ్బు దట్టంగా ఉంటే ఇద్దరు కలిసి పనిచేయాలి: ఒకరు కంపాస్‌తో వెనక నిలబడి, ఇంకొకరిని కనిపించినంత మేర ముందుకు పంపి, కుడికో ఎడమకో జరగమని చెప్పి, గీత మీదికి వచ్చాక తాను వెళ్లి కలుసుకోవాలి. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో వంద మీటర్లకు నిమిషంన్నర పడుతుంది. క్లోహర్నాకు నలభై నిమిషాలు. యాభై దాటినా చేరకపోతే తప్పు దారిలో ఉన్నట్టే, ఆగండి.

ఇక్కడ ఎక్కువమంది తప్పేది ఒకే చోట. కొండ వెన్ను నుంచి ఆగ్నేయంగా ఇంకో కొమ్మ చీలి కోరిగస్లెగాన్ అనే 794 మీటర్ల కొండ మీదికి పోతుంది. వాలు హాయిగా అటు లాగుతుంది, అడుగుజాడలు కూడా ఉంటాయి. కంపాస్ తూర్పును వదిలి ఆగ్నేయం చూపిస్తుంటే మీరు ఆ కొమ్మ మీద ఉన్నారు. వచ్చిన దారినే వెనక్కి నడిచి వెన్ను మీదికి చేరండి, అడ్డంగా కోసుకుపోవద్దు. ఇతరుల బూటు గుర్తులను నమ్మకండి, వాళ్లు ఎక్కడికి బయలుదేరారో మీకు తెలియదు.

క్లోహర్నా నుంచి కూడా తూర్పు కొమ్మ మీదుగానే దిగాలి. కుడివైపు కింద క్యారవేస్టిక్ వాగు ఉంటుంది. ఎడమ పక్క గ్లెన్‌మలూర్ లోయ అడుగు, రోడ్డు కూడా కనబడతాయి. అదిగో రోడ్డు అని అటు దిగవద్దు. ఆ పక్కంతా నిటారు, మధ్యలో రాతి గోడలు, వాటి పైన బ్రాకెన్ అనే మోకాలెత్తు ఫెర్న్ పొదలు కాళ్ల కింద ఏముందో కనబడనివ్వవు. ఆర్ట్స్ లాఖ్ అనే చెరువు పక్కగా దిగే దారి ఒకటి ఉందని వింటారు, మొదటిసారి దాన్ని వదిలేయండి. కొమ్మ మీదే ఓపిగ్గా దిగితే జిగ్‌జాగ్స్ పై కొస దొరుకుతుంది. అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ పక్కన క్యారవేస్టిక్ జలపాతం చప్పుడు వింటూ లోయలోకి దిగుతారు. మెలికలను అడ్డంగా కోయకండి, మట్టి కొట్టుకుపోయి బాటే పోతుంది. ఇది రైతుల నేల మీదుగా, వాళ్ల మంచితనం మీద నడుస్తున్న దారి. కుక్కలను తీసుకురాకూడదు, గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, గొర్రెలను తరమకూడదు. కిందికి వచ్చి నది దాటాక రోడ్డు మీద ఎడమకు తిరిగి రెండు కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే బారావోర్.

పైన గాలి మరీ ఎక్కువగా ఉండి నిలబడటమే కష్టమైతే క్లోహర్నా వెన్ను మీదికి పోకుండా వచ్చిన దారిలోనే ఈశాన్యంగా దిగడం మేలు. ఫ్రాహన్ లోయకు నైరుతి గాలి నుంచి చాటు ఉంటుంది. తడి వాలు దిగేటప్పుడు మెల్లగా, కొండ వైపు తిరిగి, ఒక్కొక్కరుగా.

ఏదైనా జరిగితే

దారి తప్పామని తెలిసిన క్షణంలో ఆగిపోండి. కిందికి దిగితే ఎక్కడో ఒక రోడ్డు తగలకపోదు అనుకోవడం ఇక్కడ పనికిరాదు, కింద ప్రిజన్ చరియ తగలవచ్చు. జీపీఎస్ చూసి గ్రిడ్ సంఖ్య కాగితం మీద రాసుకోండి. ఒకరికి వణుకు ఎక్కువై, మాట ముద్దగా వస్తూ, తడబడుతూ, నాకేం ఫర్వాలేదు అంటున్నారంటే ఒంట్లో వేడి పడిపోతోందని అర్థం. తడి బట్టలు మార్చి, సర్వైవల్ బ్యాగ్‌లో ఇంకొకరితో కలిపి కూర్చోబెట్టి, తీపి టీ తాగించండి. వణుకు ఆగిపోతే అది తగ్గడం కాదు, ముదరడం.

సాయానికి 112 లేదా 999కి ఫోన్ చేసి ముందు గార్డాను (ఐరిష్ పోలీసులను), ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. గ్రిడ్ సంఖ్య, ఎంతమంది, దెబ్బ ఏమిటి, బ్యాటరీ ఎంత ఉంది చెప్పండి, చెప్పాక ఆ చోటు కదలకండి, ఫోన్ వేరే పనులకు వాడకండి. డబ్లిన్ విక్లో, గ్లెన్ ఆఫ్ ఇమాల్ రెస్క్యూ బృందాల వాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే, డబ్బు తీసుకోరు. బిల్లు వేస్తారేమో, వీసాకు ఇబ్బందేమో అన్న భయంతో చీకటి పడేదాకా ఆలస్యం చేయవద్దు. మాట్లాడేంత సిగ్నల్ లేనిచోట ఎస్ఎంఎస్ పోయే అవకాశం ఉంటుంది, అయితే 112కు ఎస్ఎంఎస్ పంపాలంటే మీ ఫోన్ నంబరును ముందే ఇంటి దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. బదులుగా మూడుసార్లు వినిపిస్తుంది. వినిపించినా ఊదడం ఆపకండి, ఆ చప్పుడు పట్టుకునే వాళ్లు మీ దగ్గరికి వస్తారు.

బయలుదేరే ముందు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతున్నారు, కారు నంబరు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు అన్నవి డబ్లిన్‌లో ఒకరికి రాసి పంపండి. ఇండియాలో ఉన్న అమ్మకు చెబితే ఆమెకు కంగారే తప్ప గార్డాకు ఫోన్ చేయడం కుదరదు. లోయ దాటి సిగ్నల్ అందగానే ఆ మనిషికి చేరామని చెప్పడం మరచిపోవద్దు, మరచిపోతే మీరు ఇంట్లో నిద్రపోతుండగా రెస్క్యూ వాళ్లు కొండ మీద వెతుకుతుంటారు.

ఇంటికి వచ్చాక స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, నడుం, చంకలు, జుట్టు మొదళ్లు వెతికి చూసుకోండి. ఈ కొండల్లో జింకలు, గొర్రెలు ఎక్కువ, బ్రాకెన్‌లో టిక్ అనే చిన్న పిడుదులుంటాయి, గసగసాలంత ఉంటాయి కాబట్టి పిల్లల తలల్లో తేలిగ్గా కనబడవు. పట్టుకుని ఉంటే సన్న మొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకూడదు, అది కడుపులో ఉన్నది మీ రక్తంలోకి కక్కుతుంది. తర్వాత కొన్ని వారాల్లో ఆ చోట వలయంలా ఎర్రగా పాకినా, ఫ్లూలాంటి జ్వరం వచ్చినా జీపీ (మీ ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్లి విక్లోలో నడిచిన సంగతి చెప్పండి. లైమ్ జబ్బయితే మొదట్లో యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది.